రాజు తన్ను తాను పాలించుకొనుట

గ్రీకుల నీతిశాస్త్రమునకును మన పలనాటికిని సంబంధమేమి యని విద్యార్థులు నవ్వవచ్చును. సూటియైన సంబంధము లేదు. అయినను మాచెర్ల గురజాలల కథ వినుచు బెరిగినవారికి ఆ శాస్త్రము సులభముగా బోధపడునని నా యభిప్రాయము.

వీణ వాయింపగా వాయింపగా వైణికుడైనట్లు, న్యాయము చేయగా చేయగా మానవుడు న్యాయవంతుడగునని క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున అరిస్టాటిలు బోధించెను. ఈ బోధ రెండు దారుల మధ్యయుగపు రాజులకడకు జేరెను. 1235 ప్రాంతమున నసీరుద్దీన్ తూసీ పారసీకమున 'అఖ్లాకె నాసిరీ' రచించెను; అక్బరు చదివించుకొని వినిన గ్రంథములలో నదియొకటి. 1280 ప్రాంతమున రోము నగరవాసియగు ఈజిడియసు అను సన్న్యాసి, ఫ్రెంచి రాకుమారుడు ఫిలిప్పుకొఱకు లాటినున రాజధర్మమును వ్రాసెను. మతములు వేఱు, భాషలు వేఱు. క్రమము మాత్ర మొక్కటియే. మొదట తన్ను దిద్దుకొనుట, పిదప గృహము, కడపట రాజ్యము.

మన బద్దెన, మడికి సింగనల నీతిగ్రంథములును, ఆముక్తమాల్యదలోని రాజనీతియు తక్కువవి కావు. ఇంద్రియజయము మనవారును జెప్పినదే. కాని మనము వానిలో మంత్రులను, దుర్గములను, బొక్కసమును, వేగులవారినే వెదకుచున్నాము.

పండ్రెండవ శతాబ్దమున పలనాటికి మంత్రుల కొదవయా? గురజాలలో నాగమ్మ, మాచెర్లలో బ్రహ్మనాయుడు! అయినను రాజ్యమును కోడిపందెమున నొడ్డిరి. ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచిరి. గడువు తీఱెను, నలగామరాజు మాట చెల్లింపలేదు. రాయబారిగా వచ్చిన అలరాజు ప్రాణములతో మరలిపోలేదు. ఆపైని కారెంపూడి రణరంగము సంగతి మన యూళ్లలో బిడ్డలకును దెలియును. అక్కడ లోపించినది యుపాయము కాదు, మాట నిలుపుకొను నలవాటు.

ఫిలిప్పు మాత్ర మేమి చేసెను? 1285లో రాజై, నాణెములలో వెండి తగ్గించెను. 1306లో యూదులను వెడలగొట్టి వారి సొత్తు గైకొనెను. అంత గ్రంథమును వ్యర్థమేనా యందురేమో. వైద్యుని మాట శ్రద్ధగా విని మందు మ్రింగని రోగివంటివాడు వట్టి శ్రోతయని అరిస్టాటిలే హెచ్చరించియున్నాడు.

మనము బడులలో నీతిపద్యములు కంఠస్థము చేయించి మార్కు లిచ్చుచున్నాము. అది వినుటయే. ఆటలో తీర్పు చెప్పుట, తరగతి చందాల లెక్క వ్రాయుట పిల్లలకే యప్పగింపవలెను. లెక్క తప్పినచో కఱ్ఱ యెత్తక, మఱల కూడించవలెను. జాగగునని ఉపాధ్యాయులు విసుగుకొందురు, నేనును విసుగుకొన్నవాడనే. నలగామరాజున కెవరైన బాల్యమున నిట్టి లెక్క యప్పగించిరో లేదో, కథ చెప్పదు.