వలెన్సియాకు వలస: త్రాసులో రెండవ పళ్లెము

తెలుగువారు నారింజ యను పండును స్పెయిన్ దేశీయులు 'నరాన్హా' యందురు. ఈ రెండు మాటలకు దూరపు చుట్టరికము కలదు. సంస్కృతములోని 'నారంగ' శబ్దము పారసీకమున 'నారంగ్' అయి, అరబ్బీలో 'నారంజ్' అయి, అరబ్బుల వెంట మధ్యధరా సముద్రతీరము చేరి స్పెయిన్‌లో స్థిరపడినది. ఆ సంస్కృత శబ్దమునకు సైతము ద్రావిడమే మూలమని పలువురు భాషావేత్తల అభిప్రాయము. మాటతోపాటు చెట్టు కూడ ప్రయాణము చేసినది. పుల్లనారింజ అరబ్బుల పాలనలోను, తియ్యనారింజ తరువాతి శతాబ్దములలోను ఆ తీరము చేరినవి. నేడు స్పెయిన్ తూర్పుతీరమునగల వలెన్సియా నగరము పేరు చెప్పగానే ఐరోపావారికి నారింజతోటలు స్ఫురించును. ఎక్కడనో పుట్టిన చెట్టు ఆ కాలువల నీరు త్రాగి, ఆ నేలలో వేరూని, ఆ ఊరి చెట్టే అయినది.

చెట్టు పోయిన త్రోవనే ఇప్పుడు మనుష్యులు పోవుచున్నారు. ఉత్తర ఐరోపా చలికి విసిగిన పింఛనుదారులు, అమెరికా నుండి వచ్చు కుటుంబములు, ఇంట కూర్చుండి కంప్యూటరుపై పరదేశపు కొలువు చేయు యువకులు వలెన్సియాలో కాపురము పెట్టవలెనని ఉవ్విళ్ళూరుచున్నారు. 2022 డిసెంబరులో స్పెయిన్ చేసిన యొక చట్టము ఈ కడపటివారికి 2023 నుండి ప్రత్యేకమైన వీసాకు వీలు కల్పించినది. విదేశపు సంస్థలకు పనిచేయుచు, స్పెయిన్ కనీస వేతనమునకు రెండింతలు ఆర్జించువారు దానికి అర్హులు. భారతీయులకును ఈ ద్వారము తెరచియే యున్నది. కనుక హైదరాబాదులోనో లండనులోనో పనిచేయుచున్న తెలుగు యువకుడు ఈ ప్రశ్న వేసికొనుట వింత కాదు: అక్కడికి పోవుట లాభమా, నష్టమా?

లాభములు నిజమైనవే. వానిని తగ్గించి చెప్పుట న్యాయము కాదు. వలెన్సియా స్పెయిన్‌లో మూడవ పెద్ద నగరము. జనసంఖ్య సుమారు 8 లక్షలు, అనగా విజయవాడకంటె చిన్నది. మహానగరపు వసతులు చాలవరకు కలవు. మహానగరపు తొక్కిడి అంతగా లేదు. జనవరి నెలలో సైతము పగటి ఉష్ణోగ్రత సగటున 16, 17 డిగ్రీలుండును. నేల చదునైనది, కాలినడకనో సైకిలుపైననో ఊరంతయు తిరిగి రావచ్చును. 2010లో ప్రారంభమైన వేగరైలు మార్గమువలన రాజధానియైన మాడ్రిడ్ రెండు గంటలలోపు ప్రయాణము. దేశమున ప్రజావైద్యము పన్నుల సొమ్ముతో నడచును. స్పెయిన్ వారి సగటు ఆయుర్దాయము సుమారు 84 ఏండ్లు, ప్రపంచమున అగ్రశ్రేణిలోనిది. నగరమునకు దక్షిణమున ఆల్బుఫేరా సరస్సు, దాని చుట్టును వరిపొలములు. 'పాయెల్లా' యను అన్నపు వంటకము పుట్టినది ఆ పొలముల చెంతనే. అన్నమెరిగినవానికి అచట పూర్తిగా పరాయితనము తోచదు.

వీనియన్నింటిని మించిన సొత్తు తూరియా ఉద్యానము. దాని కథ వినదగినది. 1957 అక్టోబరు 14న తూరియా నది పొంగి నగరమును ముంచి 80 మందికి పైగా బలిగొన్నది. అంతట ప్రభుత్వము నగరమునకు దక్షిణముగా సుమారు 12 కిలోమీటర్ల క్రొత్త కాలువ త్రవ్వించి నదిని ప్రక్కకు మళ్ళించినది. ఎండిన పాత నదీగర్భములో మోటారు రహదారి వేయవలెనని అధికారులు తలపెట్టిరి. పౌరులు అంగీకరింపలేదు. నదిగర్భము ప్రజలది, అది పచ్చగానే ఉండవలెనని 1970 దశకములో ఉద్యమించిరి. రహదారి ఆగినది, తోట వెలసినది. నేడది నగరము నడుమగా సుమారు 9 కిలోమీటర్ల పొడవున పిల్లల ఆటలకును, వృద్ధుల నడకకును నీడ యిచ్చుచున్నది. క్రొత్తగా వచ్చువాడు లాభముల పట్టికలో మొదట వ్రాసికొనునది ఈ తోటనే. కాని అది సముద్రమువలె, ఎండవలె ప్రకృతి ఇచ్చిన వరము కాదు. ఆ ఊరివారు పోరి నిలుపుకొన్న ఉమ్మడి ఆస్తి. ఈ భేదమును ముందు గుర్తింపవలెను.

ఇక నష్టములు. అచటనే ఉద్యోగము వెదకుకొనదలచినవానికి ఎండ పుష్కలము గాని జీతము స్వల్పము. 2025లో స్పెయిన్ కనీస వేతనము 1,184 యూరోలు. ఏడాదికి 14 వాయిదాలలో చెల్లింతురు. ఆ యేట పనిచేయగోరువారిలో సుమారు పదింట ఒకరికి పని దొరకలేదు. యువకులలో ఆ నిష్పత్తి రెండింతలకు పైమాటే. భాష రెండవ చిక్కు. ఆ ప్రాంతమున స్పానిష్‌తోపాటు వలెన్సియన్ కూడ అధికారభాష. అది కటలాన్‌తో ఏకమైనది. బడిలో పిల్లలు రెండును చదువుదురు. ఇంగ్లీషుతో హోటలులో పూట గడచునేమో గాని, నగరపాలక కార్యాలయములో, ఆసుపత్రిలో, బడిలో పని జరుగదు. పౌరసత్వము మూడవది. లాటిన్ అమెరికా దేశీయులకు రెండేండ్ల నివాసము చాలును. భారతీయునకు పదేండ్లు కావలెను. పైగా భారతదేశము ద్వంద్వ పౌరసత్వము నొప్పుకొనదు గనుక, అది పొందిననాడు ఇది వదలవలెను.

మెచ్చుకొను వాతావరణమునకును మరొక ముఖము కలదు. 2023 ఆగస్టు 10న వలెన్సియా విమానాశ్రయమున ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటినది. రెంటచింతల, రామగుండము ఎండలెరిగిన తెలుగువారికి ఆ అంకెకు అర్థము వేరుగ చెప్పనక్కరలేదు. శీతకాలమున, గదులు వెచ్చచేయు సాధనములు లేని పాత ఇండ్లలో, వీథిలోకంటె ఇంటిలోనే చలి యనువారు కలరు.

వీనికంటె భయంకరమైనది వాన. 2024లో వలెన్సియా 'ఐరోపా హరిత రాజధాని' యను బిరుదు ధరించియుండెను. ఆ సంవత్సరమే అక్టోబరు 29న సమీపమునగల తూరిస్ అను ఊరిలో ఒక్క దినమున 770 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినది. నగరమున ఏడాది పొడవున కురియునది సుమారు 450 మిల్లీమీటర్లే. పోయో వాగు కట్టలు తెంచుకొన్నది. ప్రజల చేతిఫోనులకు ప్రభుత్వపు హెచ్చరిక చేరునప్పటికి రాత్రి 8 గంటల 11 నిమిషములు. అప్పటికే పెక్కు వీథులు నీటిపాలైనవి. ఆ మండలములో 220 మందికి పైగా మరణించిరి. ప్రాంతీయ ప్రభుత్వాధినేత తుదకు 2025 నవంబరులో రాజీనామా ప్రకటింపవలసివచ్చెను. 1957 తరువాత త్రవ్విన కాలువ నగరపు నడిబొడ్డును కాపాడినది. కాలువకు ఆవలనున్న పాయిపోర్తా మొదలైన ఊళ్ళను కాపాడలేకపోయినది. అదే సంవత్సరము సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచుట చూచిన తెలుగువారికి ఈ కథ క్రొత్త కాదు. వాగు తన పాత త్రోవను మరువదు. ఆ త్రోవలో ఇండ్లు కట్టుకొన్న మనుష్యులే దానిని మరతురు. చవుకగా వచ్చినదని అద్దెకు తీసికొను ఇల్లు ఏ వాగు దారిలో నున్నదో, సర్కారువారి వరదపటములో చూచుకొనకుండ ఎవరును అడుగు పెట్టరాదు.

ఇంతవరకు చెప్పినది త్రాసులో ఒక పళ్లెము. వలసపోవువాడు సాధారణముగా తన లాభము, తన నష్టము మాత్రమే తూచుకొనును. కాని అతడు కాలుమోపు ఊరికి గల లాభనష్టములు రెండవ పళ్లెములో నున్నవి.

వీసాకు చట్టము విధించిన అర్హతనే పరిశీలింతము. స్థానిక కనీస వేతనమునకు రెండింతల ఆదాయము అతనికి తప్పనిసరి. అనగా, ఒకే ఇంటికి అతడును, కనీస వేతనముతో హోటలులో గిన్నెలు కడుగు స్థానికుడును వచ్చినచో, ఇల్లు ఎవరికి దక్కునో ముందే తేలిపోయినది. ఇందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. వచ్చినవాడు సజ్జనుడే, తన దేశములోకంటె అద్దె తక్కువని సంతోషించుచున్నాడు. ఆ తక్కువ అద్దెయే ఆ ఊరివానికి మోయరాని బరువు. ఒక్క దశాబ్దములో వలెన్సియాలో ప్రకటనలలో కనిపించు అద్దెలు రెట్టింపు దాటినవి. 2024 అక్టోబరు 19న వేలాది పౌరులు నివాసయోగ్యమైన ఇంటికై వీథులలో ఊరేగిరి. పది దినములకే వరద వచ్చి మరెన్నో ఇండ్లను పాడుచేసినది.

సముద్రపుటొడ్డునగల కబన్యాల్ యను జాలరిపేట గాథ దీనిని స్పష్టపరచును. వలెన్సియాలో 1867లో జన్మించిన నవలాకారుడు విసెంతే బ్లాస్కో ఇబాన్యెథ్ ఆ పేట జాలరుల బ్రదుకును తన నవలలో చిత్రించెను. నగరములోని యొక పెద్ద వీథికి ఆయన పేరే పెట్టిరి. విధివిలాసమేమో గాని, ఆ వీథిని సముద్రము వరకు పొడిగింపవలెనని 1998లో పాలకులు పథకము వేసిరి. అందుకై జాలరిపేటలో వందలాది ఇండ్లు కూలవలసియుండెను. పేటవారు సుమారు పదునేడేండ్లు పోరాడిరి. 2015లో క్రొత్త పాలకవర్గము ఆ పథకమును విడిచినది. రంగు పెంకులతో అలంకరించిన ఆ చిన్న ఇండ్లు నిలిచినవి. ఇప్పుడు వానిని కూల్చువారు లేరు, కొనువారు కలరు. యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చు గదులుగా మారుచున్న ఇండ్లలో జాలరి మనుమనికి చోటు చిక్కుట దుర్లభమగుచున్నది. గునపమునకు లొంగని పేట ధరకు లొంగుచున్నది.

అయినచో వలస వచ్చువారే సకలానర్థములకు మూలమా? అట్లనుట తొందరపాటు. ప్రభుత్వము పేదలకు ఇండ్లు చాలినన్ని కట్టింపకపోవుట, 2008 తరువాత గృహనిర్మాణము కుంటుపడుట, యాత్రికుల గదులకు అదుపు లేకపోవుట కూడ కారణములే. వలస వచ్చువారందరును ధనికులును కారు. లాటిన్ అమెరికా నుండి వచ్చిన స్త్రీలు అచటి వృద్ధులకు సేవ చేయుచున్నారు. ఆఫ్రికా నుండి వచ్చినవారు నారింజ కోయుచున్నారు. మనుష్యులను వెళ్ళగొట్టుట మందు కాదని ఆ నేలకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ముస్లిము పూర్వికుల సంతతియైన మోరిస్కోలను 1609లో స్పెయిన్ రాజు దేశమునుండి తరిమివేసినప్పుడు, వలెన్సియా రాజ్యము తన జనములో సుమారు మూడవవంతును కోల్పోయినది. వారిలో పెక్కురు సేద్యగాండ్రు, పల్లెలు పాడువడినవి. తలుపు మూయుటకును, తలుపు అమ్ముటకును నడుమ ఒక మార్గము వెదకవలెను. 5 లక్షల యూరోల ఆస్తి కొన్నవారికి 2013 నుండి నివాసానుమతి నిచ్చుచుండిన పద్ధతిని స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో రద్దుచేయుట అట్టి వెదకులాటలో ఒక అడుగు.

ఆ నడిమి మార్గమేదియో చూడగోరువారు గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు వలెన్సియా ప్రధాన దేవాలయ ద్వారము కడకు పోవలెను. అచట తూరియా నీటి పంపకముపై తగవులు తీర్చు జలన్యాయస్థానము కొలువుతీరును. ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకొన్న ఎనమండుగురు పెద్దలు నల్లని అంగీలు ధరించి వలయముగా కూర్చుందురు. వకీళ్ళు లేరు, దస్త్రములు లేవు. నోటిమాటతో విచారణ, అప్పటికప్పుడే తీర్పు. అరబ్బుల నాటి నీటిపారుదల సంప్రదాయమునుండి వచ్చినదని చెప్పుకొను ఈ న్యాయస్థానమును 2009లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. అచటి సూత్రము సులువైనది: కాలువ నీటిలో పాలుగలవాడు కాలువ మరమ్మతు ఖర్చులోను పాలు పంచుకొనవలెను, వంతు తప్పించి నీరు తీసినవాడు జరిమానా చెల్లింపవలెను. చెరువుల క్రింద కుడిమరామతు ఎరిగిన తెలుగు పల్లెలకు ఇది అపరిచితమైన ధర్మము కాదు.

వలసకును ఇదే ధర్మము చెల్లును. రెండేండ్లు ఎండ కాగి, తోటలో నడచి, అద్దెలు పెంచి మరొక తీరమునకు ఎగిరిపోవుటకైనచో, ఆ పయనము పోవువానికి లాభమే కావచ్చును గాని ఊరికి నష్టము. భాష నేర్చి, పన్ను చెల్లించి, యాత్రికుల గదిలో గాక ఇరుగుపొరుగు గల ఇంట కాపురముండి, పిల్లలను ఆ వీథి బడికే పంపి, వరద వచ్చినప్పుడు చీపురు పట్టుకొని బయలుదేరగలవానికి ఆ నగరము నిజముగా లాభము. అతడును దానికి లాభము. 2024 వరద మరునాటినుండి వేలాది పౌరులు చీపుళ్ళు, పారలు భుజాన వేసికొని, క్రొత్త కాలువపైనున్న కాలిబాట వంతెన దాటి బురదలోని ఊళ్ళకు నడచిపోయిరి. వలెన్సియాకు పోదలచినవాడు సముద్రపు దూరమును, ఇంటి అద్దెను విచారించునప్పుడు, ఆ వంతెనను కూడ తలచుకొనవలెను. అట్టి దినమున తాను దానిని దాటగలనా యని తన్ను తానడిగి, దాటగలనని తోచిననాడే ప్రయాణము కట్టవలెను.