ముందుచూపు పేరిట ముందస్తు ఖర్చు

ఇంట్లో కంప్యూటర్ సొంతంగా అమర్చుకోవాలని బయలుదేరిన వాళ్లకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కౌంటర్ల దగ్గరా, యూట్యూబ్ సమీక్షల్లోనూ, ఆఫీసు మిత్రుల నోటా వినిపించే సలహా ఒకటే. ఎలాగూ కొంటున్నావు, ఇంకో పదిహేను ఇరవై వేలు వేసుకుని పెద్ద ప్రాసెసర్, ఖరీదైన బోర్డు తీసుకో, ఐదారేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదు అని. దీనికి ‘ఫ్యూచర్ ప్రూఫ్’ అని పేరు. ఎదిగే పిల్లాడికి చొక్కా కాస్త వదులుగా కుట్టించడం లాంటిది కాబట్టి ఈ మాట మనకు ఇట్టే నచ్చుతుంది. అయితే పిల్లాడు ఎటు ఎదుగుతాడో దర్జీకి తెలుసు. ప్రాసెసర్ల లోకం ఎటు ఎదుగుతుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. అందుకే ఇవాళ్టి పనికి సరిపడా ప్రాసెసర్, రేపు ఇంకో ప్రాసెసర్‌ను పట్టగల సాకెట్ ఉన్న మధ్యస్థాయి బోర్డు కొని, మిగిలిన డబ్బు దగ్గర పెట్టుకోవడమే అసలైన ముందుచూపు అని నా వాదన.

2017ను పరీక్షకు తీసుకుందాం. ఆ ఏడాది జనవరిలో ఇంటెల్ కోర్ ఐ7-7700కె 339 డాలర్ల విడుదల ధరతో వచ్చింది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ‘ఇంకేం చూసుకోనక్కర్లేదు’ అనే సలహాకు అప్పట్లో దానికి మించిన ఉదాహరణ లేదు. అదే ఏడాది అక్టోబరుకల్లా 182 డాలర్ల ఐ5-8400లో ఆరు కోర్లు ఇచ్చారు. 2020లో 122 డాలర్ల ఐ3-10100 సరిగ్గా అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లతో, దాదాపు అదే వేగంతో వచ్చింది. అంటే మూడేళ్లు తిరిగేసరికి ఐ7 ఐ3 అయిపోయింది. మరీ చేదైన సంగతి బోర్డుది. 8400 సాకెట్ పేరూ ఎల్‌జీఏ1151యే, అయినా 7700కె కోసం కొన్న 200 సిరీస్ బోర్డులో అది పనిచేయదు, 300 సిరీస్ బోర్డు కొనాల్సిందే. ఆపైన 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ అధికారిక జాబితాలో 7700కె లేదు. ఆ చిప్పుకు శక్తి చాలక కాదు, ఎక్కడో గీత గీయాల్సి వచ్చి ఎనిమిదో తరం దగ్గర గీశారు. ఆ గీతను 2017లో కొనేవాడు ఏ లెక్క వేసి ఊహించగలడు?

అదే 2017లో ఏఎండీ వైపు చూడండి. మార్చిలో రైజెన్ 7 1800ఎక్స్ 499 డాలర్లు. ఏప్రిల్‌లో రైజెన్ 5 1600, 219 డాలర్లు. ముందుచూపు గలవాడు మొదటిది కొన్నాడనుకుందాం, పొదుపరి రెండోది. ఐదేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, రైజెన్ 5 5600 అనే చిప్పు 199 డాలర్లకు వచ్చింది. అప్పటికే తన పాత 300 సిరీస్ బోర్డులకూ 5000 సిరీస్ ప్రాసెసర్లను అనుమతిస్తామని ఏఎండీ ప్రకటించింది. పొదుపరి తన పాత బోర్డుకు కొత్త బయోస్ ఎక్కించి, పాత మెమొరీనే వాడుకుంటూ, ఈ చిప్పు పెట్టుకుంటే రెండు ప్రాసెసర్లకూ కలిపి అతని ఖర్చు 418 డాలర్లు. మొదటివాడి 499 కన్నా తక్కువే. పైగా ఆరు కోర్ల 5600 ఎనిమిది కోర్ల 1800ఎక్స్‌ను ఆటల్లో చాలా దూరం, అన్ని కోర్లూ కష్టపడే పనుల్లోనూ కొంత దూరం వెనక్కి నెడుతుంది. విండోస్ 11 జాబితాలోనూ ఉంది. 1800ఎక్స్ లేదు.

బోర్డు సంగతిలో మన నమ్మకానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. పాత కాలంలో మెమొరీని అదుపు చేసే భాగం బోర్డు మీది నార్త్‌బ్రిడ్జ్ చిప్పులో ఉండేది కాబట్టి, బోర్డు మారితే కంప్యూటర్ వేగం నిజంగానే మారేది. 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ, 2008లో తొలి కోర్ ఐ7తో ఇంటెల్ ఆ భాగాన్ని ప్రాసెసర్‌లోకే తెచ్చేశాయి. తర్వాత గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే దారి కూడా ప్రాసెసర్ నుంచే మొదలైంది. కారణం పోయి ఇన్నేళ్లయినా నమ్మకం మాత్రం మిగిలింది. ఇవాళ ఏఎండీ ఖరీదైన ఎక్స్670 బోర్డు అంటే మధ్యస్థాయి బి650లో ఉండే చిప్పునే రెండు పెట్టడం. దానివల్ల యూఎస్‌బీ పోర్టులు, ఎస్‌ఎస్‌డీ దారులు పెరుగుతాయి. అవి అవసరమైనవాడు కొనుక్కోవచ్చు, కానీ ప్రాసెసర్ ఒక్క అడుగు కూడా వేగంగా నడవదు. రేపటి కోసమని అమ్మిన పీసీఐఈ 5.0 స్లాటు కథ ఇంకా ముచ్చటైనది. 2021 నవంబరులో ఇంటెల్ జడ్690 బోర్డుల మీద అది పెద్ద ఆకర్షణ. దాన్ని వాడుకోగల తొలి గేమింగ్ కార్డు, ఆర్‌టీఎక్స్ 5090, 2025 జనవరిలో గానీ రాలేదు. మూడేళ్లకు పైగా ఖాళీగా ఎదురుచూసిన ఆ స్లాటులో చివరికి కార్డు పెట్టినా 4.0తో పోలిస్తే ఆటల్లో తేడా కంటికి ఆనదు.

దీనికి మొదటి అభ్యంతరం, ఆ రైజెన్ బోర్డుల మీది ఏఎం4 సాకెట్ ఒక అదృష్టం, అన్ని సాకెట్లకూ అంత ఆయుష్షు ఉండదు అని. నిజమే. ఆ ఏఎం4 కూడా కొంతకాలం ఊగిసలాడింది. 2020లో 5000 సిరీస్ పాత బోర్డులకు రాదని మొదట చెప్పి, కొనుగోలుదారులు గొడవ చేశాక ఏఎండీ వెనక్కి తగ్గింది. కంపెనీ మాటను అప్పుగా రాసుకోకూడదు. అయితే సాకెట్ ఆగిపోతే నష్టపోయేది ఎవరు? మధ్యస్థాయిలో కొన్నవాడి దగ్గర మిగిలిన డబ్బు ఉంది, దానితో కొత్త బోర్డు కొనుక్కుంటాడు. మొత్తం ముందే ఖర్చు చేసినవాడికి ఆ దారి లేదు. ఇక, మనలో ఎంతమంది నిజంగా ప్రాసెసర్ మారుస్తారు అనేది రెండో ప్రశ్న. చాలామంది మార్చరు, ఒప్పుకుంటాను. ఐదేళ్లపాటు మార్చాలనే అనిపించలేదంటే చిన్న ప్రాసెసర్ సరిపోయిందనే కదా అర్థం! ఆ మనిషికి పెద్దది అంటగట్టి ఉంటే ఆ తేడా డబ్బు పూర్తిగా దండగ.

పెద్దది గట్టిగా మన్నుతుంది అనే మాటకు 2024 సమాధానం చెప్పింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో వోల్టేజీ వల్ల వచ్చిన అస్థిరత ఫిర్యాదులు ప్రధానంగా ఐ9 కొన్నవాళ్ల నుంచే మొదలయ్యాయి. కంపెనీ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది.

గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటేయకూడదు. మరీ చౌక బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం బలహీనంగా ఉంటుంది, దాని మీద హీట్‌సింకు కూడా ఉండదు. 253 వాట్ల వరకూ లాగే ఐ9-14900కెను అలాంటి బోర్డులో పెడితే, వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. మన మే నెల గదుల్లో చెప్పనే అక్కర్లేదు. అందుకే అట్టడుగు బోర్డు కొనమని నేను అనడం లేదు. కానీ 88 వాట్ల దగ్గర ఆగే రైజెన్ 5 7600కు హీట్‌సింకులున్న మామూలు బి650 చాలు, రేపు 162 వాట్ల చిప్పు పెట్టినా అది మోస్తుంది. రోజూ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేసేవాళ్లు పన్నెండు, పదహారు కోర్లు కొనుక్కోవాల్సిందే. వాళ్లు కొనేది ఇవాళ్టి పని కోసం, వాళ్లతో నాకు పేచీ లేదు. మెమొరీ ధరలు 2025 చివర్లో ఎగబాకడం చూసి, చూశారా ముందే కొనాల్సింది అనేవాళ్లున్నారు. ప్రాసెసర్ ధర వయసుతో దిగుతుంది, మెమొరీ ధర ఎక్కుతుంది, దిగుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టలేం. పైగా మెమొరీ ఖరీదైన కొద్దీ, అదే మెమొరీని ఉంచుకుని ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోనిచ్చే బోర్డుకు విలువ పెరుగుతుంది. కాబట్టి బోర్డు మీద అదనంగా వెయ్యి రూపాయలు పెట్టదలిస్తే రంగురంగుల దీపాలకు కాదు, నాలుగు మెమొరీ స్లాట్లకూ, రెండో ఎం.2 స్లాటుకూ, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్‌కూ పెట్టాలి.