రేటు పట్టికలో లేని గడి

మన దేశం నుంచి వెళ్లే సాగు రొయ్యల సరుకులో నూటికి పదింటినే ఆపి మందుల అవశేషాలకు పరీక్షించే యూరోపియన్ యూనియన్, 2016 అక్టోబరులో ఆ లెక్కను 50కి పెంచింది. చూడటానికి రెండు అంకెల మార్పే. కానీ పరాయి రేవులో శీతల కంటైనర్ ఆగిపోతే ఎంత చేతిచమురు వదులుతుందో ఎగుమతిదారుకు తెలుసు. రోజుల లెక్కన రేవు అద్దె, కరెంటు, పరీక్ష రుసుము, ఫలితం వచ్చేదాకా చేతికందని సొమ్ము, దాని మీద బ్యాంకు వడ్డీ. నిషేధిత యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాన్ జాడ కనబడిందంటే సరుకు వెనక్కి రావాలి, లేదా అక్కడే ధ్వంసమైపోవాలి. ఆ మందు ఏ చెరువులోంచి వచ్చిందో చెప్పలేకపోతే మచ్చ ఆ చెరువుతో ఆగదు, దేశం పేరుకు అంటుతుంది. ఏ మందూ వాడని రైతు సరుకు కూడా అదే వరుసలో నిలబడుతుంది. ‘సుస్థిర సరఫరా గొలుసు’ అన్న మాట కంపెనీల వార్షిక నివేదికల్లో వాడి వాడి అరిగిపోయింది. అందులోని వ్యాపారం ఎంతో చూడాలంటే ఈ రేవు వరుస దగ్గరికే రావాలి.

2023-24లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల విలువ రూ.60,523 కోట్లు. అందులో రూ.40 వేల కోట్లు ఒక్క గడ్డకట్టించిన రొయ్యదే. దేశంలో సాగయ్యే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. అంటే భీమవరం నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి చెరువుల్లో ఏం జరుగుతుందో దాన్నిబట్టే ఈ వ్యాపారం నిలబడుతుంది. 2018 చివరి నుంచి అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యకు చెరువు నుంచి రేవు దాకా రికార్డు అడుగుతోంది. కాబట్టి జాడ చెప్పగలగడం ఇప్పుడు అదనపు అర్హత కాదు, గుమ్మం దాటడానికి టిక్కెట్టు. శుభ్రంగా పండిస్తే ఎక్కువ ధర వస్తుందని చెప్పేవారి మాట నేను పెద్దగా నమ్మను. లాభం వేరేచోట ఉంది. పోకుండా మిగిలేదాంట్లో ఉంది.

చెరువు గట్టు మీద లెక్క చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రొయ్య సాగు ఖర్చులో సగం పైగా మేతదే. కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టే చెరువులో మేత ఎంత మిగిలిందో తెలిపే చెక్ ట్రేలు చూసుకుంటూ, అడుగున బురద పేరుకోకుండా, సీడ్ (రొయ్య పిల్లలు) పలచగా వేసి ఆ లెక్కను 1.3కు దించితే టన్నుకు 200 కిలోల మేత మిగులుతుంది. మేత కిలో రూ.90 అనుకున్నా టన్నుకు రూ.18 వేలు. నాలుగు టన్నుల పట్టుబడికి రూ.72 వేలు. అడుగుకు చేరి కుళ్లే ఆ మేతే అమ్మోనియాగా మారుతుంది, రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు లాగేస్తుంది, ఏరేటర్లు ఇంకో రెండు గంటలు తిరిగేలా చేస్తుంది. పర్యావరణానికి హాని అని మనం పేరు పెట్టేది రైతు లెక్కల పుస్తకంలో దండగ పద్దు. ఇక తెల్లమచ్చ జబ్బు సంగతి. 1994-95లో తీరం సాగునే కూలదోసిన ఆ వైరస్ ఒక చెరువులో పడితే, ఆ రైతు రాత్రికి రాత్రి నీళ్లు డ్రెయిన్‌లోకి వదులుతాడు. తెల్లారి పక్క రైతు అదే డ్రెయిన్ నుంచి మోటారు వేసి తోడుకుంటాడు. ఎంత జాగ్రత్తపరుడైనా ఒంటరిగా దీన్ని ఆపలేడు. 2000వ దశకం తొలి ఏళ్లలో పశ్చిమ గోదావరి మొగల్తూరు ప్రాంతంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) పూనికతో రైతులు గుంపుగా కూడి, సీడ్‌కు పీసీఆర్ పరీక్ష చేయించి, ఒకేసారి వేసి, నీళ్లు తోడటం వదలడం మాట్లాడుకుని చేశారు. జబ్బు తగ్గింది, గిట్టుబాటు పెరిగింది. ఆ అనుభవం మీదే 2007లో కాకినాడ కేంద్రంగా సుస్థిర ఆక్వాకల్చర్ జాతీయ కేంద్రం (నాక్సా) పుట్టింది.

రెండు మూడు ఎకరాల రైతు ఈ పరీక్షలు, సర్టిఫికెట్ల ఖర్చు ఎక్కడ మోస్తాడన్నది న్యాయమైన ప్రశ్న. విడివిడిగా మోయలేడు. సంఘంగా, ఒకే డ్రెయిన్ మీద ఉన్న చెరువులన్నిటికీ కలిపి మోస్తే తలసరి భారం తగ్గుతుంది. మొగల్తూరు చూపింది అదే. అయితే రైతును మాత్రమే బోనులో నిలబెట్టడం కూడా తప్పే. నిషేధించిన మందు హేచరీలో సీడ్‌తోనే రావచ్చు, డబ్బా మీద రాయని సరుకుగా మందుల షాపు నుంచీ రావచ్చు. మేత అప్పుకిచ్చిన డీలరు ‘ఇది కూడా వేయండి’ అని చేతిలో పెట్టిన పాకెట్టును వద్దనే స్థితిలో ఎందరున్నారు? జాడ పట్టడం గట్టు దగ్గర ఆగితే అది సగం గొలుసే.

ఈ పరీక్షలు, రికార్డులన్నీ ధనిక దేశాలు ముసుగేసుకుని పెట్టే అడ్డంకులన్నది మరో అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. 2025 ఆగస్టు నెలాఖరుకు మన సరుకుపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, శుభ్రమైన రొయ్యకూ మందుల రొయ్యకూ తేడా ఏమీ చూడలేదు. సరే, అమెరికా దారి ఇరుకైతే సరుకు ఎటు వెళ్లాలి? ఆ సెప్టెంబరులోనే యూరప్ మన మత్స్య ఎగుమతి యూనిట్లు మరో 102కు అనుమతి ఇచ్చింది. తెల్లమచ్చ భయంతో తలుపు వేసుకున్న ఆస్ట్రేలియా కూడా అక్టోబరులో షరతులతో కొంత తెరిచింది. రికార్డు లేని సరుకుకు ఈ రెండు దారుల్లోనూ చోటు లేదు. సుంకం మన చేతిలో లేదు, ఇంకో కొనుగోలుదారును వెతుక్కునే స్తోమత మాత్రం ఉంది. 2018లోనే యాంటీబయాటిక్ లేని, జాడ తెలిసే రొయ్య పేరుతో అక్కడి కంపెనీలను కూడగట్టిన ఈక్వడార్ ఈ సంగతి మనకంటే ముందు గ్రహించింది. ఇంకొకటి, శుభ్రత అంటే నీళ్లూ మందులూ మాత్రమే కాదు. తొక్క ఒలిచే షెడ్లలో ఆడవాళ్ల కూలి, పని గంటల మీద 2024 మార్చిలో అమెరికాలో వచ్చిన నివేదికలు అక్కడి సూపర్ మార్కెట్లను మన ప్రాసెసింగ్ ప్లాంట్ల వైపు వేలెత్తేలా చేశాయి. ఆ వివాదాన్ని కుట్ర అని తోసిపుచ్చడం తేలిక, ఆర్డరు పోయాక తిరిగి తెచ్చుకోవడమే కష్టం.

ఇన్ని చెప్పాక కూడా గట్టి అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది, దానికి ఎగుమతిదారులే జవాబు చెప్పాలి. రైతు ఫోన్‌కు రోజూ వచ్చే రేటులో 30 కౌంట్ ఇంత, 50 ఇంత, 100 ఇంత అని ఉంటుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అన్ని కౌంట్. సీడ్ పరీక్ష చేయించి, పక్షుల వల కట్టి, పీతలు రాకుండా గట్టు చుట్టూ కంచె వేసి, మందు ముట్టని చెరువులోని 100 కౌంట్‌కూ, దొరికిన మందల్లా పోసిన చెరువులోని 100 కౌంట్‌కూ ఒకటే రేటు. కంటైనర్ వెనక్కి రాకపోవడం వల్ల ప్లాంటుకు మిగిలిన సొమ్ములో రూపాయి కూడా గట్టు దాకా రాదు. ఖర్చు ఒకచోట, లాభం ఇంకొకచోట ఉన్న పద్ధతిని రైతు రెండు పంటలు చేస్తాడేమో, మూడో పంటకు వదిలేస్తాడు. పరీక్షించిన, జాడ తెలిసిన సరుకుకు కిలోకు అయిదు రూపాయలు ఎక్కువ ఇస్తే నాలుగు టన్నులకు రూ.20 వేలు. సీడ్ పరీక్షకూ వల మరమ్మతుకూ అది ఆసరా అవుతుంది. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ అక్కర్లేదు, రోజూ పంపే ఆ మెసేజ్‌లో ఇంకో వరుస చాలు. ఆ వరుసను ముందుగా ఏ ప్లాంటు చేరిస్తే, ఆ ఊళ్లో మంచి చెరువుల సరుకు ముందుగా దాని తూకానికే వస్తుంది.