మన రక్తాన్నీ అడగాలి

పొగతాగేవారికి, ఊబకాయులకు, బీపీ అదుపులో లేనివారికి కిడ్నీ క్యాన్సర్ ముప్పు ఎక్కువని వైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. పీల్చిన పొగకూ, ఒంట్లో పేరుకున్న కొవ్వుకూ, రక్తనాళాల్లోని ఒత్తిడికీ మూత్రపిండంలో పుట్టే కణితితో సంబంధం ఎలా కుదిరిందో మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ లంకె రక్తంలోని ప్రొటీన్లలో దొరకవచ్చని పరిశోధకులు ఇప్పుడు వెదుకుతున్నారు. ఆ వెదుకులాటలో భారతీయుల రక్తం దాదాపు లేదు. ఈ లోటును ప్రభుత్వాలు ఇకనైనా పూడ్చాలి.

ఒంట్లో కొవ్వు పెరిగితే రక్తంలో లెప్టిన్ పెరుగుతుంది. పొగ, బీపీ కూడా ఇలాగే ఎన్నో ప్రొటీన్ల మోతాదును మారుస్తాయి. అలా మారినవాటిలో ఏవి క్యాన్సర్‌కు దారితీస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. జబ్బు బయటపడ్డాక తీసిన రక్తం దీనికి జవాబు చెప్పలేదు. అప్పటికే కణితి ప్రొటీన్లను తారుమారు చేసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్ననాడే తీసి శీతలీకరించి దాచిన రక్తం కావాలి, ఆ మనుషులను ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి. ఐరోపా ఆ పని చేసింది. పది దేశాల్లో 5 లక్షల మందికి పైగా పాల్గొన్న ‘ఎపిక్’ అధ్యయనంలో దాచిన రక్తాన్ని పరిశీలిస్తే, కిడ్నీ దెబ్బతిన్నప్పుడు పెరిగే కిమ్-1 అనే ప్రొటీన్ క్యాన్సర్ బయటపడటానికి ఐదేళ్ల ముందే కొందరిలో ఎక్కువగా ఉన్నట్టు 2018లో తేలింది. బ్రిటన్ బయోబ్యాంకు 2006-2010 మధ్య 5 లక్షల మందిని చేర్చుకుంది. వారిలో దాదాపు 54 వేల మంది రక్తంలో సుమారు 3 వేల ప్రొటీన్లను కొలిచిన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వారిలో అత్యధికులు శ్వేతజాతీయులే.

అక్కడి కొలతలను ఇక్కడ యథాతథంగా వాడితే ఏమవుతుందో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడాలి. కారణం తేలని కిడ్నీ జబ్బు ఆ ఊళ్లను దశాబ్దాలుగా పీడిస్తోంది. కిమ్-1 క్యాన్సర్ ఒక్కదాని వల్లే పెరగదు, కిడ్నీకి మరే దెబ్బ తగిలినా పెరగవచ్చు. ఐరోపా కొలతలనే అక్కడ వాడితే క్యాన్సర్ లేనివారిని కూడా భయపెట్టి స్కానింగుల చుట్టూ తిప్పాల్సి వస్తుంది. అందుకే మన జనంలో పరీక్షించి నిగ్గు తేల్చనిదే ఇలాంటి ప్రొటీన్ పరీక్షలను ‘హెల్త్ ప్యాకేజీ’ల్లో క్యాన్సర్ ముందస్తు పరీక్షలుగా అమ్మడానికి ఏ ల్యాబుకూ అనుమతి ఇవ్వకూడదు.

మనం శూన్యం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987లో ఆరంభించిన పోషకాహార ప్రయోగం నాటి పిల్లలనూ వారి కుటుంబాలనూ ‘ఆప్‌క్యాప్స్’ అధ్యయనం అనుసరిస్తూ వచ్చింది. జీనోమ్ ఇండియా 10 వేల మంది జన్యుపటాలను సిద్ధం చేసింది. సీఎస్‌ఐఆర్ 2023లో మొదలుపెట్టిన ఫినోమ్ ఇండియా అధ్యయనం లక్ష్యమూ 10 వేల మందే. కిడ్నీ క్యాన్సర్ అరుదైనది. పది వేల మందిని పదేళ్లు గమనించినా బయటపడే కేసులు లెక్క కట్టడానికి చాలవు. లక్షల మంది కావాలి, ఎన్నికలతో సంబంధం లేకుండా ఇరవై ఏళ్లు ఆగని నిధులు కావాలి. ఈ బాధ్యతను ఐసీఎంఆర్ తీసుకోవాలి, రెండు తెలుగు రాష్ట్రాలు చేయి కలపాలి.

బీపీ మాత్రలే సరిగా అందని చోట ఇంత ఖర్చు ఎందుకని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 24 శాతం, మహిళల్లో 21 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. దాన్ని అదుపు చేయడానికీ, పొగ మాన్పించడానికీ ఏ ప్రొటీన్ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. కాబట్టి పరిశోధననూ, చికిత్సనూ ఒకే పథకంలో కలపాలి. రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్, క్రియాటినిన్ ఫలితాలు కొద్ది రోజుల్లోనే చేతికి అందాలి, తేడా ఉంటే ఊరి పీహెచ్‌సీలో మందులు ఉచితంగా దొరకాలి. ఈ షరతు పథకం తొలి ముసాయిదాలోనే ఉండాలి.