మందు వచ్చినా మారని చట్టం: డిచ్‌పల్లి నేర్పే పాఠం

విదేశీ నిపుణులు వస్తారు, నివేదికలు రాస్తారు, విమానమెక్కి వెళ్లిపోతారు. మానవ హక్కులు, న్యాయ సంస్కరణ, ప్రజారోగ్యం అనే మాటలు వినగానే మన సంఘాల్లో చాలామందికి తోచేది ఇదే. కుష్ఠు విషయంలో ఆ అభిప్రాయం సగమే నిజం.

నిజామాబాద్ కంఠేశ్వర్ నుంచి డిచ్‌పల్లి ఎంతో దూరం కాదు. స్కాట్లాండ్‌లో పుట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. 1911లో నిజామాబాద్‌లో కుష్ఠు రోగులకు చికిత్స మొదలుపెట్టారు. వచ్చేవారికి చోటు చాలలేదు. అప్పుడు స్థలమిచ్చి ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. మిషనరీల కథ చెప్పేటప్పుడు మనం ఆయన పేరు మింగేస్తుంటాం, అది మర్యాద కాదు. అలా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి వెలిసింది. ఆనాటి మందు హిడ్నోకార్పస్ గింజల నూనె, దాన్ని సూదితో ఎక్కించేవారు. కెర్ దంపతులు సలహా చెప్పి వెళ్లిపోయినవారు కాదు. 1932లో ఇసబెల్ కన్నుమూశారు.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఆరు నెలలో, ఏడాదో మాత్రలు వాడితే వ్యాధి నయమవుతుంది. 1995 నుంచి ఆ మందులు ఉచితం. ఇక చిక్కేముంది?

చిక్కు చట్టంలో ఉంది. అదీ మన చట్టంలోనే. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టాన్ని 2001లో సవరించారు. విడాకుల విషయంలో భార్యకూ భర్తతో సమానంగా హక్కునిచ్చిన సవరణ అది, దాన్ని మేము తప్పుపట్టం. కానీ రెండేళ్లుగా తీవ్రమైన, నయం కాని కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధన కూడా అందులోనే చేరింది. నయమవుతుందని లోకానికి తెలిసిన ఇరవై ఏళ్లకు! డిచ్‌పల్లిని గర్వంగా చెప్పుకునే మన కంట ఆ వాక్యం ఎందుకు పడలేదు?

ఇక్కడే బయటివారి పని అక్కరకొచ్చింది. కుష్ఠు బాధితులపైనా, వారి కుటుంబాలపైనా వివక్షను తొలగించే సూత్రాలను ఐక్యరాజ్య సమితి 2010లో ముందుంచింది. 2015లో మన లా కమిషన్ 256వ నివేదిక ఇదే అంశంపై వచ్చింది. రోగులను నిర్బంధించే 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. 2019లో పార్లమెంటు హిందూ, ముస్లిం, క్రైస్తవ వివాహ చట్టాలు అన్నింటిలో విడాకులకు కుష్ఠు కారణం కాకుండా తీసేసింది. నివేదికలు ఊరికే పోలేదన్నమాట. అయితే 2001 నుంచి 2019 దాకా ఆ నిబంధన నీడలో కాపురం చేసినవారికి ఎవరు జవాబు చెప్పాలి?

2005 డిసెంబరు నాటికి దేశంలో పదివేల మందికి ఒక్కరి కంటే తక్కువకు కేసులు తగ్గాయని ప్రకటించారు. దాన్ని చాలామంది వ్యాధి పోయిందనే అర్థం చేసుకున్నారు. నేటికీ ప్రపంచంలో బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. బోధన్ వైపు చెరకు పొలాల్లో కూలి చేసుకునే మనిషి ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చను చూసుకుని, ఊరికి తెలిస్తే ఏమవుతుందోనని దాచిపెడితే, ఉచిత మందు ఆస్పత్రిలోనే ఉండిపోతుంది. వేళ్లు మొద్దుబారాక వస్తే మందు క్రిమిని చంపుతుంది గాని, పోయిన స్పర్శను తిరిగి తేలేకపోవచ్చు.

మన ప్రసంగ వేదికల మీద పాపాన్ని కుష్ఠుతో పోల్చడం ఇంకా పోలేదు. లేవీయకాండంలోని ఆ వ్యాధి నేటి కుష్ఠే అని చెప్పలేమని బైబిలు పండితులు ఏనాడో అన్నారు. వచ్చే ఆదివారం ఆ పోలిక వాడబోయే బోధకుడు, మచ్చను చీర కొంగు కింద దాచుకుని వెనక వరసలో కూర్చున్న సోదరి వింటున్నదని తలచుకోవాలి.