రాక్షసుని చిరునవ్వు

రాయపూర్‌లో మా అన్నగారి ఇంట నాలుగు రోజులుండి వచ్చాను. ఆయన కుమారుడికి పదునాలుగేళ్ళు. బడినుంచి రాగానే ఒక చిన్న పుస్తకాన్ని చివరిపుటనుంచి తెరచి చదువుతూ కూర్చుంటాడు. అది జపాను దేశపు చిత్రకథ. అక్కడివారు 'మాంగా' అంటారు; కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. ఎక్కడ తెరచినా కత్తులు, నెత్తురు. "ఇవి చదివి వీడి మనసు బండబారిపోదా మరిదిగారూ?" అని వదినగారు వాపోయారు. చదివి చెబుతానన్నాను.

కథపేరు 'డీమన్ స్లేయర్'. కర్త కొయొహారు గొతోగె. 2016నుంచి 2020వరకు ఒక వారపత్రికలో వెలువడి, 23 సంపుటాలుగా కోట్లాది ప్రతులు అమ్ముడైంది. వాడి చేతిలోనిది 18వ సంపుటం. అందులో నరభక్షకుడైన అకాజా అనే రాక్షసుడికీ, తంజిరో అనే బాలవీరుడికీ ఘోరయుద్ధం. రాక్షసుని తల తెగుతుంది. అయినా మొండెం పోరాడుతూనే ఉంటుంది. అప్పుడు అతనికి పూర్వజీవితం జ్ఞప్తికి వస్తుంది.

అతడొకప్పుడు హకుజి అనే పేద కుర్రవాడు. రోగియైన తండ్రికి మందుకోసం దొంగతనాలు చేశాడు. నేరస్థుడని చేతులమీద పచ్చబొట్టు గీతలు పొడిచారు. కొడుకు బ్రతుకు పాడవుతున్నదని కుమిలి ఆ తండ్రి ప్రాణం తీసుకున్నాడు. తరువాత ఒక మల్లవిద్యాగురువు చేరదీశాడు. జబ్బుతో మంచానపడిన గురుపుత్రికకు హకుజి సేవచేశాడు. ఆమె కోలుకుంది, పెండ్లి నిశ్చయమైంది. అంతలో ప్రత్యర్థులు బావిలో విషం కలిపారు. గురువూ, ఆమె మరణించారు. హకుజి వట్టిచేతులతో 67 మందిని చంపాడు. ఆ వెనుకనే రాక్షసుడయ్యాడు.

ఇంత కథనూ మాటలకన్న గీతలే ఎక్కువగా చెబుతాయి. రాక్షసుని కన్నుల్లో అతని హోదా అక్షరాలుగా చెక్కి ఉంటుంది. మనిషిగా ఉన్న పుటల్లో అవి మామూలు కుర్రవాడి కన్నులు. నాటి పచ్చబొట్టు గీతలే రాక్షసదేహమంతటా ప్రాకినట్లుంటాయి. అతడు కాలుమోపితే నేలపై విరిసే మంచురేకు ఆ అమ్మాయి తలలోని ఆభరణపు ఆకృతి! అతడు మరచినదాన్ని అతని దేహం మరువలేదన్నమాట. చివరకు అతడు తంజిరోను చూచి చిరునవ్వు నవ్వి, తన పిడికిలితో తననే కొట్టుకుంటాడు.

ఈ విద్య ఛత్తీస్‌గఢ్‌కు కొత్తది కాదు. ఈ నేలది పండవాని. గాయకుడు ఒక్కడే నిలిచి భారతకథ చెబుతాడు. ఆడవారు కూర్చుండి పాడే కాలంలో తీజన్‌బాయి లేచి నిలిచి పాడి, కులంవారి వెలిని భరించి, 2019లో పద్మవిభూషణ్ అందుకొన్నది. ఆమె చేతి తంబూరా ఒక క్షణం భీముని గద, మరుక్షణం ద్రౌపది కురులు. మన బుర్రకథలో వంతలవలె అక్కడ 'రాగి' అనే సహాయకుడు ప్రశ్నలు వేస్తాడు. తెలుగువారికీ ఈ రుచి తెలుసు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో రామారావుగారు కృష్ణుడితోపాటు కర్ణుడూ, దుర్యోధనుడూ తామే అయి నటిస్తే జనం విరగబడి చూశారు.

వెళ్ళేనాటి రాత్రి పిల్లవాడే రాగియై ప్రశ్న వేశాడు: "బాబాయ్, రెంగోకును చంపింది అకాజాయే. రెంగోకు అంటే నాకెంతో ఇష్టం. మరి వాడు చచ్చిపోతుంటే నాకెందుకు ఏడుపొచ్చింది? తప్పా?"

"తప్పు కాదురా. నీ కన్నీటివల్ల వాడు చేసిన హత్యలు మాసిపోవు. తంజిరో కత్తి కూడా ఆగలేదు కదా! కాని ఆ బావిలో విషం పడకపోతే వాడు ఎవరికో మంచి భర్త, ఏదో వీధిలో మంచి గురువు అయ్యేవాడు. నీవు ఏడ్చింది ఆ పోయిన మనిషికోసం" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన తరగతిలో ఒక కుర్రవాడు దొంగతనంచేసి పట్టుబడ్డాడనీ, అప్పటినుంచి వాడి పక్కన ఎవరూ కూర్చోవటంలేదనీ చెప్పాడు.

పక్కగదిలో వదినగారు వింటూనే ఉన్నారు. ఉదయం బండికి బయలుదేరుతుంటే, "19వ సంపుటం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి" అన్నారు.