సీసాల్లో బంధించిన దుఃఖం

ఐర్లండ్ దర్శకుడు టామ్ మూర్ 2014లో తీసిన యానిమేషన్ చిత్రం ‘సాంగ్ ఆఫ్ ద సీ’ని ప్రార్థన చేసుకునే ప్రతివాళ్లూ చూడాలంటాను. ఐరిష్ పురాణాల్లో మానన్నాన్ మాక్ లిర్ సముద్ర దేవుడు. సినిమాలో మాక్ లిర్ అనే మహాకాయుడు గుండె పగిలి సముద్రమంత ఏడుస్తాడు. ఆ బాధ చూడలేక కన్నతల్లి మాఖా అతన్ని రాయిగా మార్చేస్తుంది. తన బాధలనూ గాజు సీసాల్లో బంధించుకుంటుంది. బంధించేకొద్దీ ఆమె ఒళ్లూ రాయవుతుంది.

ఉల్‌స్టర్ వీరగాథల్లో మాఖా ఇలా ఉండదు. నిండు గర్భిణి అయిన తనను రాజు గుర్రాలతో పరుగు పందెంలో దింపితే, గమ్యం దగ్గరే కవలల్ని కని, అక్కడి మగవాళ్లను శపిస్తుంది. తన నొప్పిని లోకానికి వినిపించిన తల్లి ఆమె.

చావు జరిగిన ఇంట్లో మనం “ఏడవకండమ్మా, దేవుని చిత్తం” అంటూ ప్రార్థన మొదలుపెడతాం. ప్రేమతోనే అంటాం. సినిమాలో మాఖా చేసిందీ ప్రేమతోనే. బైబిల్లో 88వ కీర్తన ఓదార్పు లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. అదీ ప్రార్థనే.

మా సండే స్కూల్ పిల్లలకు నేను నేర్పేది ఇదే. ముందు బాధను ఉన్నదున్నట్టు చెప్పండి. “కష్టాల్లో ఉన్నాం ప్రభువా” అంటే చాలదు. “నాన్న లేడు, ఫీజు ఎలా కట్టాలో తెలియడం లేదు” అనండి. తర్వాత ఒక కీర్తన పైకి చదవండి. కాసేపు మౌనంగా ఉండండి. స్తుతి ఆ తర్వాతే.

పాస్టర్లకు ఒక్క మనవి. ఆదరణ కూడికలో వాక్యం కన్నా ముందు ఆ ఇంటివాళ్లను మాట్లాడనివ్వండి, ఏడవనివ్వండి.